గంగమ్మ జాతర తీసిన సింగిల్-8 కార్ట్రిడ్జ్: తిరుపతిలో చేయించి, వాడి చూశాక

ఇంట్లో ఫ్యూజికా సినిమా కెమెరా ఉండి, ఫిల్ము దొరకక దాన్ని బీరువాలో పెట్టేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు, ఒక ఇంటి ముందు గదిలో నడిచే చిన్న త్రీడీ ప్రింటింగ్ షాపులో సింగిల్-8 కెమెరాకు, అంటే ఫ్యూజీ కంపెనీ తెచ్చిన 8 మిల్లీమీటర్ల ఫిల్ము పద్ధతి కెమెరాకు, సరిపోయే ఖాళీ కార్ట్రిడ్జ్‌లు, అంటే ఫిల్ము చుట్ట పెట్టే డబ్బాలు, చేయించాను. వాటిలో నా చేత్తో ఫిల్ము నింపి, గంగమ్మ జాతర తీసి, ఇంట్లోనే కడిగాను. బొమ్మ వచ్చింది, మంచి బొమ్మే వచ్చింది. షాపుకు బోర్డు లేదు. నడిపే అబ్బాయి పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

నేను చిత్తూరులో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. డిజిటల్ మిషన్లు వచ్చి మా డార్క్‌రూమ్ మూసేసేదాకా చీకట్లో ఫిల్ము పట్టుకోవడమే నా పని. కెమెరా మా చిన్నమామది. ఆయన ఓడల్లో పనిచేసేవాడు, జపాన్ నుంచి తెచ్చుకున్నాడు. మోడల్ ఫ్యూజికా పి1. పెన్సిల్ బ్యాటరీలు వేస్తే మోటారు ఇప్పటికీ తిరుగుతోంది. ఆయన ఆఖరిసారి వాడిన ఫ్యూజీ కార్ట్రిడ్జ్ ఒకటి అందులోనే ఉండిపోయింది. కొలతలకు ఆ ఒక్క డబ్బాయే ఆధారం అయింది.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే గందరగోళపడుతున్నారు. 1965లో కొడాక్ సూపర్-8 తెచ్చింది, అదే ఏడాది ఫ్యూజీ సింగిల్-8 తెచ్చింది. ఫిల్ము వెడల్పు, చిల్లుల కొలత, ఫ్రేము సైజు రెండింటికీ ఒకటే. రెండూ ఒకే ప్రొజెక్టర్‌లో ఆడతాయి. తేడా అంతా డబ్బాలోనే ఉంది. కొడాక్ డబ్బా లావుగా, ఇంచుమించు చదరంగా ఉంటుంది. నిండు చుట్ట, ఖాళీ చుట్ట రెండూ అందులో ఒకే ఇరుసు మీద పక్కపక్కన ఉంటాయి. ఫ్యూజీ డబ్బా సన్నం, పొడుగు. ఆడియో క్యాసెట్‌ను నిలువుగా పట్టుకున్నట్టు పైన నిండు చుట్ట, కింద ఖాళీ చుట్ట. ఒకదాని డబ్బా ఇంకోదాని కెమెరాలోకి పోదు. కొడాక్ డబ్బాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఫ్యూజీ మాత్రం 2012లో సింగిల్-8 అమ్మకం ఆపేసింది, 2013లో కడగడం కూడా ఆపేసింది. అందుకే సూపర్-8 కెమెరా ఉన్నవాళ్ళకు ఈ షాపుతో పని లేదు. సింగిల్-8 ఉన్నవాళ్ళకు మాత్రం ఇలాంటి చేతితయారీ డబ్బా బాగా అక్కరకొస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు దానిమీదే నమ్మకం కుదిరింది. ఫోకస్ కుదరాలంటే లెన్సు వెనకాల ఫిల్ము చదునుగా, కదలకుండా నిలబడాలి. దాన్ని వెనకనుంచి నొక్కి పట్టే పలకను ప్రెషర్ ప్లేట్ అంటారు. కొడాక్ పద్ధతిలో ఆ పలక ప్లాస్టిక్‌తో డబ్బాలోనే ఉంటుంది. ఫ్యూజీ పద్ధతిలో అది లోహంతో చేసినది, కెమెరాలో ఉంటుంది. అంటే సింగిల్-8లో డబ్బా పని ఫిల్మును వెలుతురు తగలకుండా దాచడం, నెమ్మదిగా వదలడం, తిరిగి చుట్టుకోవడం, అంతే. ఫోకస్ భారం దానిమీద లేదు. కాబట్టి ప్రింటర్‌లో చేసిన డబ్బా అక్కడా ఇక్కడా వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ చెడదు. సూపర్-8 డబ్బాను ఇలాగే ప్రింట్ చేయించుకుంటామని అడిగేవాళ్ళకు నా సలహా ఒకటే: వద్దు. ఆ పలకను అంత కచ్చితంగా ప్రింట్ చేయడం కష్టం, పైగా అసలు డబ్బా బజారులో దొరుకుతోంది.

షాపు సంగతికి వస్తాను. చుట్టూ ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులు, డ్రోన్ రెక్కలు, దేవుడి బొమ్మలు. నేను ఫ్యూజీ డబ్బా బల్లమీద పెడితే అబ్బాయి దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది యాడిది మా, ఇంత పాతది?"

"మా మామది నాయనా. ఇట్లాంటిదే కావాల. లోపలికి వెలుతురు సూదిమొనంత కూడా పోకూడదు."

"పోకుంటే చాలునా, ఇంకేమన్నా తిరగాల్నా?"

ఆ ప్రశ్నతోనే ఇతను పని తెలిసినవాడనిపించింది. డబ్బా విప్పి, వెర్నియర్‌తో ప్రతి గాడీ కొలిచాడు. కెమెరా కూడా తెమ్మన్నాడు. కింది చుట్టను తిప్పే ఇరుసు కెమెరాలోంచే వస్తుంది కాబట్టి, అది దూరే రంధ్రం డబ్బాను బట్టి కాదు, కెమెరాను బట్టి ఉండాలి. ఫిల్ము స్పీడును, అంటే వెలుతురును అది ఎంత త్వరగా పట్టుకుంటుందో, కెమెరాకు తెలిపే గాటు కూడా డబ్బా అంచులో ఉంటుంది. నేను వాడేది ఏఎస్ఏ 200 ఫిల్ము (ఏఎస్ఏ అంటే ఆ స్పీడు కొలత). ఫ్యూజీ వాళ్ళే ఆ స్పీడులో ఆర్‌టీ200 అమ్మేవాళ్ళు కాబట్టి ఆ గాటు చోటు దొరకడం కష్టం కాలేదు. ఫ్యూజీ పగటి ఫిల్ము ఆర్25 అయితే గాటు వేరే చోట.

ప్లాస్టిక్ విషయంలో అతను చూపించిన శ్రద్ధ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మామూలుగా త్రీడీ ప్రింటింగ్‌కు వాడేది పీఎల్ఏ. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన తిరుపతి మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల ఆ వేడి వస్తుంది. సైజు సరిచూడటానికి మొదటి నమూనా పీఎల్ఏతోనే చేసి, "దీంట్లో ఫిల్ము ఎయ్యొద్దు మా" అని చెప్పి, నా ఎదుటే దాన్ని తన స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదిలాడు. మధ్యాహ్నం తీస్తే మూత వంకర తిరిగి, అంచులు కలవడం లేదు. అసలు డబ్బాలు పీఈటీజీతో చేశాడు. అది 80 డిగ్రీల దాకా ఆగుతుంది. డబ్బులు కాస్త ఎక్కువైనా మన ఊరికి అదే సరైనది. ఎక్కడ చేయించుకున్నా పీఎల్ఏ ఒప్పుకోకండి.

రంగు నలుపే ఉండాలి. అయితే నల్లగా కనిపించినంత మాత్రాన వెలుతురు ఆగదు. పలచగా ప్రింట్ చేసిన నల్ల గోడలోంచి ఫోన్ టార్చి వెలుగు సన్నగా కనిపిస్తుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కూర్చుని, డబ్బా లోపల టార్చి పెట్టి చూడండి. ఎక్స్‌రే క్యాసెట్లకు లీకు ఉందేమోనని మేము కూడా ఇలాగే వెతికేవాళ్ళం. ఇతని డబ్బాలో గోడలు బాగున్నాయి. మూత కలిసే చోట ఒక మూల మాత్రం సన్నటి గీత కనిపించింది. చెబితే మూత అంచుకు లోపలివైపు ఇంకో మెట్టు పెంచి, మళ్ళీ చేసిచ్చాడు. దానికి డబ్బులు తీసుకోలేదు. అయినా నేను ఫిల్ము నింపాక అతుకు చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు వేస్తాను.

నాకు అన్నిటికంటే నచ్చింది లోపలి రోలర్. ఫిల్ము మలుపు తిరిగే చోట ప్లాస్టిక్ కడ్డీయే ఉంటే, ప్రింటింగులో వచ్చే సన్నటి గరుకు ఎమల్షన్ మీద, అంటే ఫిల్ముకు బొమ్మ పడే పూత మీద, పొడుగునా గీత పెడుతుంది. ఇతను సైకిల్ స్పోకు ముక్క కోసి, అంచులు అరగదీసి, దానిమీద చిన్న రోలర్ తిరిగేలా పెట్టాడు. స్పోకు 2 మిల్లీమీటర్లు, నున్నటి స్టీలు, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది.

ఇక మీరు ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటి ఉంది. కొత్త డబ్బా లోపల సాలెపోగుల్లాంటి ప్లాస్టిక్ వెంట్రుకలు ఉంటాయి. వాటిని తీయడం షాపు అబ్బాయి పూర్తిగా చేసివ్వడు, అది లోటే. వాటర్ పేపర్‌తో నీళ్ళలో మెల్లగా రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. పొడిగా రుద్దితే ఆ పొడి అంతా ఫిల్ము గేటులోకే, అంటే లెన్సు వెనక ఫిల్ము నడిచే చోటికే, పోతుంది.

ఫిల్ము కొడాక్ ట్రై-ఎక్స్, సూపర్-8 డబ్బాలో వచ్చేది. నలుపు తెలుపు. ఇక్కడికి తెప్పించుకుంటే నాలుగు వేలు దాటుతుంది. ఆ డబ్బాను కటిక చీకట్లో పగలగొట్టి, ఫిల్ము తీసి, మన డబ్బాలోకి చుట్టాలి. డార్క్‌రూమ్ అలవాటున్నవాళ్ళు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్స్‌రే గదిలో ఎర్ర లైటు పెట్టుకునేవాళ్ళం, ఇక్కడ అది కుదరదు. ట్రై-ఎక్స్ ఎరుపును కూడా చూస్తుంది. ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా ఎమల్షన్ ఉండేది, ఎటు పెట్టినా నడిచేది. దీనికి ఒకవైపే ఉంటుంది, అది లెన్సు వైపు చూడాలి. చీకట్లో ఎటువైపో తెలియకపోతే ఫిల్ము చివరను తడి పెదవికి ఆనించండి. అంటుకునే వైపు ఎమల్షన్.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ ఫిల్ముకు చిల్లులు ఒక అంచునే ఉంటాయి. కొడాక్ చుట్టలోంచి నేరుగా మన చుట్టలోకి చుడితే మొదలు చివరగా, చివర మొదలుగా మారుతుంది. ఎమల్షన్‌ను లెన్సు వైపు ఉంచితే చిల్లులు అవతలి అంచుకు పోతాయి. కెమెరాలో ఫిల్మును కిందికి లాగే గోరుకు చిల్లు అందదు. అందుకని ముందు ఒక ఖాళీ చక్రంలోకి చుట్టి, అక్కడినుంచి మళ్ళీ మన డబ్బా చుట్టలోకి చుట్టాలి. అంటే రెండుసార్లు చుట్టాలి. ఈ సంగతి చెబితే అబ్బాయి ఒక ఖాళీ చక్రం, చేత్తో తిప్పే చిన్న హ్యాండిల్, రెండింటినీ బల్లకు బిగించే స్టాండు కలిపి చేసిచ్చాడు. నేను అడిగింది చక్రం ఒక్కటే. స్టాండు అతని ఆలోచన. చీకట్లో పనిచేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత మేలో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఎంత ఫిల్ము పడుతుంది అన్నది అడగాల్సిన ప్రశ్న. ఫ్యూజీ తన సింగిల్-8 ఫిల్మును పాలియెస్టర్ మీద చేసేది, అది పలచన. 50 అడుగులు హాయిగా పట్టేవి. కొడాక్ ఫిల్ము అసిటేట్, మందం ఎక్కువ. 50 అడుగులూ దూరిస్తే చుట్ట గోడలకు ఒరుసుకుని, మోటారు మూలుగుతుంది. నేను 40 అడుగుల దగ్గర కత్తిరిస్తున్నాను. అడుగుకు 72 ఫ్రేములు, సెకనుకు 18 ఫ్రేములు. 40 అడుగులంటే 2 నిమిషాల 40 సెకన్లు. 50కి 3 నిమిషాల 20 సెకన్లు వచ్చేది. ఆ 40 సెకన్లు పోతే పోనీ, మోటారు బతకాలి. అన్నట్టు కెమెరా మీద అడుగుల లెక్క చూపే మీటరు 50ని మనసులో పెట్టుకుని తయారైనది. ముల్లు 40 దగ్గరికి వచ్చేసరికి ఆపాలని గుర్తుంచుకోండి.

మిగిలిన 10 అడుగులు పారేయకండి. కడగడం ప్రాక్టీసుకు పనికొస్తాయి.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా వీధి పిల్లలు వేషాలు కట్టారు. ఒకడు బైరాగి, ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము. మర్నాడు బండ వేషం, కుంకుమ. తర్వాత తోటి వేషం, బొగ్గు. నలుపు తెలుపు ఫిల్ముకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. ఒకే రకం ఫిల్ము మీద సున్నంలాంటి తెలుపు, బొగ్గు నలుపు, మధ్యలో వేపాకు. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఏఎస్ఏ 200 చాలా ఎక్కువ, కెమెరా కన్ను ఎంత మూసుకున్నా బొమ్మ తెల్లబారుతుంది. అందుకని పొద్దున్నే, సాయంత్రమే తీశాను. మధ్యాహ్నమంతా నిండిన డబ్బా నా చేతిసంచిలో, వేడి రోడ్డు మీద తిరుగుతూనే ఉంది. మూత ఇంత కూడా ఒంగలేదు.

కడగడం గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇది డబ్బా గురించి రాస్తున్నది. రివర్సల్, అంటే ప్రొజెక్టర్‌లో నేరుగా ఆడే పాజిటివ్ బొమ్మ, చేయకుండా నెగటివ్‌గానే కడిగాను. ఎక్స్‌రే డెవలపర్ ఇంట్లో ఉంది కదా అని దాన్ని వాడితే కాంట్రాస్ట్ మితిమీరిపోతుంది, నామకొమ్ము రాసుకున్న ముఖంలో ముక్కు ఎక్కడుందో తెలియదు. డీ-76 కలిపాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. అది నెమ్మదైన డెవలపర్. ఆఖరి కడుగు మాత్రం ఆర్‌వో క్యాన్ నీళ్ళతోనే. మా ఇంటి బోరు నీళ్ళతో కడిగితే ఆరాక ఫిల్ము మీద తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి.

ఫలితం ఇది. ఫోకస్ బాగుంది. పిల్లవాడి మెడలో దండ కాయ కాయగా విడివిడిగా తెలుస్తోంది. బొమ్మ కిందా మీదా ఊగడం లేదు. మొదటి అడుగు, ఆఖరి అడుగు వెలుతురు తగిలి మసకబారాయి. డబ్బాను కెమెరాలో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు అది మామూలే, ఫ్యూజీ డబ్బాకు కూడా ఉండేది. మధ్యలో ఎక్కడా లీకు లేదు. ఒక రీలులో ఎడమ అంచున సన్నటి నిలువు గీత ఒకటి మొదటినుంచి చివరిదాకా ఉంది. డబ్బా విప్పి చూస్తే రోలర్ పక్క గోడకు చిన్న మొటిమ. దాన్ని అరగదీశాక తర్వాతి రీలులో గీత లేదు. మా అల్లుడి దగ్గరున్న చిన్న స్కానర్‌లో ఫ్రేము ఫ్రేమూ ఎక్కించి, కంప్యూటర్‌లో నెగటివ్‌ను తిప్పి చూశాం. తోటి వేషం కట్టిన పిల్లవాడి బొగ్గు ముఖంలో చెమట మెరుపు కూడా పడింది. చిన్నమామ కెమెరా ఇంకా ఇంత బాగా చూడగలుగుతోందని నాకు పట్టలేనంత సంతోషం.

లోట్లు కూడా చెప్పాలి. మూత పట్టుకునే కొక్కేలు పీఈటీజీలో మెత్తగా ఉన్నాయి. మాటిమాటికీ తెరిచి మూస్తే వదులవుతున్నాయి. నాలుగు మూలలా సన్న స్క్రూలు పెడితే బాగుండేది, ఆ మాట అబ్బాయితో చెప్పాను, ఇంకా చేయలేదు. చుట్టలో ఫిల్ము చివర దూర్చే గాడి వెడల్పెక్కువ, టేపు లేకుండా పట్టదు. చీకట్లో టేపు ముక్క వెతుక్కోవడం చికాకు, ముందే కోసి బల్ల అంచుకు అంటించుకోండి. ఇక సమయం విషయం. మార్చి, ఏప్రిల్‌లలో కాలేజీ ప్రాజెక్టులు మీదపడితే మన పని వెనక్కి పోతుంది, ఫోన్ చేస్తే ఎత్తడు. చెప్పిన రోజుకు ఇవ్వలేదు. నాకు జాతర దగ్గరపడేకొద్దీ టెన్షన్ పెరిగింది. స్వయంగా వెళ్ళి కూర్చుంటే మాత్రం పని అవుతుంది.

డబ్బా ఒకటికి 450 రూపాయలు తీసుకున్నాడు. స్టాండు, చక్రం, హ్యాండిల్ కలిపి 600. కొలతలు తీసి డిజైన్ గీసినందుకు వేరే అడగలేదు, ఎందుకంటే ఆ డిజైన్ అతని దగ్గరే ఉంటుంది, తర్వాత వచ్చేవాళ్ళకూ పనికొస్తుంది. డబ్బా మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు కాబట్టి ఈ ధర నాకు న్యాయంగానే అనిపించింది. ఖర్చంతా ఫిల్ముదే.

మీ దగ్గర ఫ్యూజీ ఖాళీ డబ్బా మంచి స్థితిలో ఉంటే ముందు దాన్నే నింపుకోండి. అది జాగ్రత్తగా విప్పితే వస్తుంది, ప్రింటు డబ్బా దానికంటే మెరుగు కాదు. పాత డబుల్-8 కెమెరా అయితే, అంటే 25 అడుగుల చుట్టను ఒకసారి తీసి, తిరగేసి మళ్ళీ తీసే రకమైతే, డబ్బాతో పనే లేదు. చెక్ దేశపు ఫోమాపాన్ ఆర్100 చుట్టగానే వస్తుంది. కొడాక్ వాళ్ళ లోహపు మ్యాగజైన్లు వాడే పాత 16 ఎంఎం కెమెరాలకు కూడా ఖాళీ మ్యాగజైన్ సంపాదించి నింపుకోవడమే మంచిది.

సింగిల్-8 ఉన్నవాళ్ళు వెళ్ళేటప్పుడు కెమెరా తీసుకెళ్ళండి, బ్యాటరీలు వేసి తీసుకెళ్ళండి. డబ్బా పెట్టి, కాస్త పనికిరాని ఫిల్ము ముక్క చుట్టి, షాపులోనే మోటారు తిప్పి చూడనివ్వండి. చప్పుడు ఒకే తీరుగా ఉంటే తీసుకోండి. మధ్యలో బరువెక్కితే చుట్ట ఎక్కడో ఒరుసుకుంటోందని అర్థం, అక్కడికక్కడే అరగదీయించుకోండి. మధ్యాహ్నం రెండింటికి షాపు మూస్తాడు, నాలుగున్నరకు తీస్తాడు, ఆదివారం సెలవు.